ఒట్లు మోసిన తల

మొన్న సాయంత్రం ఓట్ల వాళ్ళు మా వీధిలోకి వచ్చినప్పుడు, వాళ్ళలో ఒకాయన మా పక్కింటి అరుగు వైపు చూసి నవ్వాడు. అరుగు ఖాళీగా ఉంది.

"అచ్చులవ్వ పాయె. ఈసారి ఎవరి తల మీద వేయిస్తామప్పా ఒట్టు?" అన్నాడు.

వెనకున్న వాళ్ళు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. నేను గడప లోపల పాపను ఎత్తుకుని నిలబడి ఉన్నాను. ఆ ప్రశ్నకు జవాబు నా చంకలోనే ఉందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

అవ్వ పోయి కొన్ని నెలలైంది. ఇన్నాళ్ళూ ఆమె గురించి రాయాలనిపించలేదు. ఈ రాత్రి పాప పక్కన కూర్చుని రాస్తున్నాను. నిద్ర ఎలాగూ రాదు.

ఆమెకు ఒక పేరు ఉండే ఉంటుంది. మా వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. అచ్చులు అతికేది కాబట్టి అచ్చులవ్వ. ధర్మవరంలో ఇంటింటా పట్టుమగ్గం ఉంటుంది. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగులోని పోగుల్ని ఒక్కొక్కటిగా పాత పోగులకు మెలిపెట్టి అతకాలి. దాన్నే అచ్చు అతకడం అంటారు. అవ్వ వేళ్ళకు బూడిద అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు పోగుల్ని పెట్టి ఒక్క తిప్పు తిప్పేది. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా అదే తిప్పు. కళ్ళు మసకబారి పని మానేసినా ఆ తిప్పు మాత్రం ఆమె వేళ్ళను వదల్లేదు. టీ తాగుతున్నా, బియ్యం ఏరుతున్నా, ఊరికే కూర్చున్నా ఆ రెండు వేళ్ళు ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉండేవి. ఎదుటివాళ్ళు అబద్ధం చెబుతుంటే ఇంకా వేగంగా తిరిగేవి. ఎన్నికలు వస్తే వాటికి తీరిక ఉండేది కాదు.

ఎవరు వచ్చినా హారతి ఇచ్చేది. ఎవరు కండువా కప్పినా కప్పించుకునేది. "నీకు కాక ఇంకెవరికి నాయనా" అని అందరికీ చెప్పేది. ఒకసారి ఒక పార్టీ వాళ్ళు ఆమె గుమ్మం దిగుతుండగానే ఇంకో పార్టీ వాళ్ళు ఎక్కారు. ఆమె అదే మాట చెప్పింది.

"ఏమవ్వా, ఇప్పుడే వాళ్ళకూ అదే చెప్తివే? మా చెవులతో వింటిమి."

"వాళ్ళకు చెప్పింది వాళ్ళకు. నీకు చెప్పేది నీకు. పెద్దకోడలికి పెట్టిన సంగటి చిన్నకోడలికి పెట్టకూడదా ఏంది?"

ఆ కండువాలన్నీ ఆమె ఇంట్లో పనిచేసేవి. ఒకటి దోసెపిండి గిన్నె మీద, ఒకటి కడవ కింద చుట్టకుదురుగా, ఒకటి తలకు. "పార్టీలు ఏవైనా గుడ్డ మాత్రం పల్చనే మే" అనేది నాతో. ఒసేయ్ అన్నట్టు అలా మే అని పిలిస్తే నాకు మొదట్లో కోపం వచ్చేది. తర్వాత, ఆమె పిలవకపోతే ఇంట్లోంచి తొంగి చూసేదాన్ని.

నాది పెనుకొండ. డిగ్రీ హిందూపురంలో చదివాను. కాలేజీలో ఓటర్ల దినం రోజున మమ్మల్ని గ్రౌండులో నిలబెట్టి, కుడిచేయి ముందుకు చాపించి ప్రతిజ్ఞ చేయించారు. దేనికీ లొంగకుండా, ఎవరికీ భయపడకుండా ఓటు వేస్తామని చెప్పాం. ఎండ మండుతోంది. చేతులు నొప్పి పుడుతున్నాయని నవ్వుకున్నాం. పెళ్ళయి ఈ వీధికి వచ్చాక ఓటుకు ఇంకో ప్రతిజ్ఞ కూడా ఉంటుందని తెలిసింది.

ఇక్కడ డబ్బు కవరు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒట్టు మాత్రం వేయించుకుంటారు. దేవుడి పటం మీద వేస్తే, తర్వాత గుడికి పోయి దండం పెట్టుకుని కడిగేసుకుంటారని వాళ్ళకు అనుమానం. అందుకని బిడ్డ తల మీద చేయి పెట్టమంటారు. "ఫలానావారికే వేస్తాం, తప్పితే ఈ బిడ్డ మీద ఆన" అనాలి. మా వీధిలో సగానికి సగం మగ్గాలకు పట్టు ఇచ్చేది ఒక షావుకారు. ఆయన చెప్పినవాళ్ళకే మా వీధి ఓటు అని లెక్క. ఆ లెక్క సరిగ్గా ఉండాలని ఒట్టు.

పోయిన అసెంబ్లీ ఎన్నికలప్పుడు నేను నిండు గర్భిణిని. షావుకారు మనుషులు మా ఇంటికి వచ్చారు. మా అత్త మా ఆయన తల మీద చేయి పెట్టి చెప్పింది. మా ఆయన వాళ్ళమ్మ మీద చెప్పాడు. తర్వాత ఆ వచ్చినాయన నా వైపు తిరిగాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"చదువుకున్న బిడ్డవి. నీకు చెప్పేదేముండాదమ్మా. కడుపు మీద చెయ్యి పెట్టి ఒక మాట అను, చాలు."

నా చేయి అప్పటికే కడుపు మీదే ఉంది. ఆ నెలల్లో అది ఎప్పుడూ అక్కడే ఉండేది. తీస్తే ఏమనుకుంటారో. ఉంచితే ఒట్టైపోతుంది. అప్పుడే అవ్వ అరుగు దిగి వచ్చింది. నా మణికట్టు పట్టుకుని చేయి కడుపు మీంచి లాగి, తన తల మీద పెట్టుకుంది.

"దీని మీద వేయించుకోండ్రప్పా. ఇది గట్టిది. ఇంతమంది వేసినా పగల్లే."

"నీ తల మీద వీధి వీధంతా వేసిందవ్వా. యాడ చోటుండాదింక?"

"వెంట్రుకలు రాలిపోయె కదా. శానా చోటుండాది."

అందరూ నవ్వారు. నేను ఆ మాట అన్నాను. అరచేతి కింద ఆమె నెత్తి వేడిగా, పల్చగా, చిన్నపిల్ల తలలా మెత్తగా ఉంది. ఆ మెత్తదనం ఇప్పటికీ చేతికి తెలుస్తూనే ఉంది.

అప్పుడు తెలిసింది, ఆమె ఇది ఎప్పట్నించో చేస్తోందని. చిన్నపిల్లలున్న ఏ ఇంటి ముందు ఒట్టు మాట వినపడినా లేచి పోయేది. తల వంచి నిలబడేది. ఓట్లు పడిన మర్నాడు పొద్దున్నే వీధి కుళాయి కింద కూర్చుని తలకు పోసుకునేది. నీళ్ళు చెంబుతో పోసుకుంటూ, పోయే వచ్చే వాళ్ళతో, "పొయ్యింది పోండ్రి. మీ ఒట్లన్నీ కాలవలో కలిసిపాయె" అని అరిచేది. ఆ కాలువ మా ఇళ్ళ గుమ్మాల ముందు నుంచే పోతుంది. దాని మీద ఇప్పటికీ మూత లేదు. రంగుల అద్దకం నీళ్ళు, పాచి, దోమలు. ప్రతి ఎన్నికలకూ దానికి మూత వస్తుందని చెబుతారు.

అవ్వ ఎందుకిలా చేస్తుందని మా అత్తను అడిగితే గొంతు తగ్గించి చెప్పింది.

"దానికొక కొడుకుండె. బడికి పోయే వయసు. అప్పుడు వార్డుకు నిలబడింది ఈ షావుకారు నాయనే. ఇది బిడ్డ మీద ఒట్టేసి, పోయి ఇంకెవరికో వేసి వచ్చె. ఆ వానకాలంలోనే బిడ్డ జరమొచ్చి పాయె. అప్పట్నించి ఇంకెవరినీ బిడ్డల మీద వేయనియ్యదు. చేసిన తప్పు కడుక్కుంటాండాది పాపం."

వీధిలో అందరికీ తెలిసిన కథే అది. అవ్వ ముందర ఎవరూ అనరు. అన్నట్టుగానే చూస్తారు.

పోయిన వానాకాలం మా పాపకు జ్వరం వచ్చింది. అప్పటికి ఏడాది నిండి నెలో రెండు నెలలో. ఇక్కడి డాక్టరు మందులిచ్చాడు, తగ్గలేదు. నాతో చదివిన అమ్మాయి హిందూపురంలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. అక్కడికి వచ్చేయమంది. మా ఆయన మగ్గం మీద పెళ్ళి చీర ఉంది, షావుకారు మనిషి గుమ్మంలోనే కూర్చున్నాడు. అత్తకు మోకాళ్ళ నొప్పులు. "నేనొస్తా పద మే" అని అవ్వ చెంబు, ఒక కండువా చేతిలో పట్టుకుని బయల్దేరింది.

మధ్యాహ్నం రైలు. పాప ఒళ్ళు పెనంలా ఉంది. అవ్వ చెంబులో కండువా తడిపి, పిండి, పాప నుదుటి మీద వేసేది. అది నిమిషాల్లో వేడెక్కిపోయేది. మళ్ళీ తడిపేది. కండువా మీద ఎవరిదో నాయకుడి బొమ్మ ఉంది. ఆ మొహం కనపడకుండా లోపలికి మడిచి వేసింది. "ఇదొక్కదానికైనా పనికొచ్చెలే" అంది.

పెనుకొండ కొండ కిటికీలోకి వచ్చేసరికి పాప కళ్ళు తేలేసినట్టు అనిపించింది నాకు. నాకు ధైర్యం పూర్తిగా పోయింది.

"అవ్వా, ఆ పొద్దు నీ తల మీద చెయ్యి పెట్టి చెప్పినా కదా. వాళ్ళకు వేయలేదు నేను. ఇంకొకరికి వేసినా. అందుకేనా ఇట్ల?"

"నా తల మీద కదా వేసింటివి? అట్లయితే జరం నాకు రావల్ల. నీ బిడ్డకెందుకొస్తాది? దేవునికి అడ్రసు తెలీదా?"

నేను ఏడుస్తూనే ఉన్నాను. "మరి నీ కొడుకు..." అన్నాను. అనకూడని మాట. నోరు జారిపోయింది.

ఆమె వేళ్ళు ఆగిపోయాయి. అవి ఆగడం నేను చూసింది అదొక్కసారే.

"నేను తప్పలేదు మే" అంది.

రైలు చప్పుడులో సరిగా వినలేదేమో అనుకున్నాను. ఆమె కిటికీ వైపు చూస్తూనే చెప్పింది.

"ఎవరికేస్తానని చెప్పినానో వానికే వేసినా. షావుకారు నాయనకే. ముద్ర పక్కకు పోతే ఓటు చెల్లదంటిరి. బిడ్డ తల కదా, చెయ్యి వణికితే యాడ పక్కకు పడతాదో అని ఊపిరి బిగబట్టి వేసినా. సరిగ్గా పడె. ఆయప్ప గెలిచె. కాలవ మూపిస్తానన్యాడు, మూపియ్యలే. ఆ వానకాలమే నా కొడుకు పాయె. మా వీధిలో ఆ ఏడు ఇంకా ఇద్దరు బిడ్డలు పోయిరి. వాళ్ళమ్మలూ ఒట్టు తప్పినోళ్ళు కాదు."

"మరి అందరూ నువ్వు తప్పినావనే అంటారే. చెప్పలేదా?"

"మొదట చెప్పినా. నమ్మలే. ఒట్టు నిలబెట్టుకున్యా బిడ్డ పోతాడంటే ఎవరు నమ్ముతారు? వాళ్ళకూ బిడ్డలుండారు కదా, భయమైతాది. అది తప్పింది, పోయినాడు, మనం తప్పం, మనకేం కాదు అనుకుంటే రాత్రికి నిద్రొస్తాది. అనుకోనీలే అని ఊరకుంటి."

చెంబులో నీళ్ళు అయిపోయాయి. ఎదురు సీటులో కూర్చున్న ఆమె తన సీసా ఇచ్చింది. అవ్వ కండువా తడుపుతూ, ఈసారి నాతో కాదు, కండువాతో చెబుతున్నట్టుగా అంది.

"తప్పింటే ఏమయ్యేదో తెలీదు. రెండోవాడు గెలిచింటే మూపిచ్చేవాడా? వాడూ మూపిచ్చేవాడు కాదేమోలే. అది కాదు నా బాధ. ఇద్దరిలో ఎవడు మంచోడు అని ఒక్క గడియన్నా అనుకోలే మే నేను. ఒట్టుంది, వేయల్ల. అంతే. బిడ్డను కాపాడుకునేకి వేసినా. బిడ్డకు ఎవడు మేలు చేస్తాడని మాత్రం అనుకోనేలే."

పాప బతికింది. హిందూపురంలో ప్లేట్‌లెట్లు ఎక్కించారు. నా స్నేహితురాలు రిపోర్టు చేతిలో పెట్టి, "ఇది దోమకాటే. మీ ఇంటి ముందు నీళ్ళు నిలుస్తాయా?" అని అడిగింది. అవ్వ మంచం పక్కన చాప మీద కూర్చుని ఉంది. నా మొహం వైపు చూడలేదు. వేళ్ళు తిరుగుతున్నాయి.

చలికాలంలో ఒక పొద్దున అవ్వ అరుగు మీద కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు వాలిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. బీపీ మాత్రలు ఉన్న రోజు వేసుకునేది, అయిపోతే ఊరుకునేది. నాకు ఆ సంగతి తెలుసు. కానీ ఆ రోజు శవం దగ్గర ఆడవాళ్ళు అనుకున్న మాట వేరు.

"చూడు, తలలోనే వచ్చె."

"రాకుండా ఉంటాదా? ఎన్ని ఒట్లు మోసిందో. అందరివీ తప్పిన ఒట్లే."

ఆ మాట అన్నవాళ్ళలో ఆమె తల మీద చేయి పెట్టనిది ఒక్కతీ లేదు. నేను నోరు తెరిచాను. నిజం చెప్పాలనుకున్నాను. చుట్టూ చూస్తే అందరి చంకల్లోనూ, కొంగుల దగ్గరా పిల్లలే. అవ్వ ఎందుకు ఊరుకుందో అప్పుడు అర్థమైంది. నేనూ ఊరుకున్నాను.

ఇప్పుడు మున్సిపల్ ఎన్నికలు. మా వార్డుకు షావుకారు తమ్ముడు నిలబడ్డాడు. ఇంకొకామె మా నర్సమ్మ. రిటైరయింది. ఈ వీధి పిల్లలందరికీ టీకాలు వేసింది ఆమే. ఏ పార్టీ లేదు. హ్యాండ్‌బ్యాగులో కాగితాలు పెట్టుకుని ఒక్కతే వచ్చింది. గుమ్మంలో నిలబడి మొదట అడిగింది, "పాపకు ఏడాదిన్నర సూది వేయించినావా?" అని. కాలువ సంగతి నేనే ఎత్తాను.

"మూపిస్తానని చెప్పలేనమ్మా. నా ఒక్కదానితో అయితాదో కాదో తెలీదు. మీటింగు జరిగినప్పుడల్లా అడుగుతా. వాళ్ళకు విసుగొచ్చేదాకా అడుగుతా. అంతే నేను చెప్పగలిగేది" అంది. నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

మొన్న వచ్చినవాళ్ళు షావుకారు మనుషులు. అవ్వ అరుగు చూసి నవ్వింది వాళ్ళే. నవ్వయ్యాక ఆ పెద్దమనిషి నా చంకలోని పాప బుగ్గ గిల్లి, "ఇంట్లో లక్ష్మి ఉండగా వేరే తల ఎందుకప్పా" అన్నాడు. నేను వెనక్కి జరిగాను. లోపలికి వెళ్ళిపోవాలనుకున్నాను. ఈలోగా మా ఆయన చేయి చాపి పాప నెత్తి మీద పెట్టేశాడు. నాన్న ఆడిస్తున్నాడనుకుని పాప కిలకిలా నవ్వింది. ఆ నవ్వు మీదుగానే అతను ఒట్టు వేశాడు.

"ఇంటి ఓట్లన్నీ మీకే. ఈ బిడ్డ మీద ఆన."

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "నన్నడగకుండా నా బిడ్డ మీద ఎట్లేస్తావు?"

"నీ బిడ్డేనా, నా బిడ్డ కాదా? ఆయప్ప పట్టియ్యకపోతే మగ్గం ఖాళీ. అది తెలుసు కదా నీకు."

"తెలుసు."

"చదువుకున్నావు. ఒట్లు నమ్ముతావా నువ్వు?"

"నువ్వు నమ్మవా?"

అతను పాప వైపు చూశాడు. "అందుకే చెప్తాండా. వేసినాం కదా, అట్లే వేసేద్దాం. మనకు పోయేదేముండాది?" అన్నాడు. చెడ్డవాడు కాదు. అతని గొంతులో ఉన్నది భయం. అది నా భయమే.

రెండు రాత్రులు అదే ఆలోచన. అతను చెప్పినట్టు వేస్తే అన్నీ కుదురుతాయి. పడుగు వస్తుంది, మగ్గం ఆడుతుంది, పాప తల మీద ఏ భారమూ ఉండదు. ఇంత సులువైన దారి ఎదురుగా ఉంటే ఇంకో ఆలోచన ఎందుకు? అలా అనుకుని కళ్ళు మూసుకోగానే రైలు చప్పుడు వినపడేది.

ఇవాళ పొద్దున పాపను పీట మీద కూర్చోబెట్టి తలకు పోశాను.

"ఇయ్యాల ఏం వారమని తలకు పోస్తాండావు? పిల్లకు జలుబు చేస్తాది" అంది మా అత్త.

"చెమటగా ఉండాదత్తా" అన్నాను.

సీకాయ పొడి రుద్ది, చెంబు చెంబుగా పోశాను. నాన్న చేయి ఆనిన చోట రెండుసార్లు రుద్దాను. పాప గుక్కపట్టి ఏడ్చింది. నురగ గుమ్మం దాటి కాలువలో పడింది. "పొయ్యింది పో" అన్నాను మెల్లగా. ఆ మాట నా నోట్లో అవ్వ గొంతులా పలకలేదు. నమ్మకం లేనివాళ్ళు అప్పు తెచ్చుకున్న మాటలా పలికింది.

పోలింగ్ బూత్‌లో మా ఆయన మగవాళ్ళ వరుసలో నాకంటే ముందు లోపలికి వెళ్ళాడు. బయటికి వస్తూ నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. నా వంతు వచ్చింది. అట్ట చాటుకు వెళ్ళాక రెండు పేర్ల ముందూ నిలబడ్డాను. అవ్వ అనుకోలేకపోయిన ఆ ఒక్క గడియ నేను అనుకోవాలనుకున్నాను. ఎవరు మంచివాళ్ళు? పాప ఇంకా ఎన్నో వానాకాలాలు ఆ కాలువ పక్కనే పెరగాలి. ఆ కాలువ మాట ఎత్తి మీటింగులో ఎవరు అడుగుతారు?

"తొందరగా కానీమ్మా, వెనక జనం ఉండారు" అన్నారు ఎవరో.

ఊపిరి బిగబట్టి నర్సమ్మకు వేశాను.

ఆమె గెలవకపోవచ్చు. మా వీధిలో ఎన్ని ఓట్లు తగ్గాయో లెక్క తేలాక షావుకారు ఒక్కో ఇంటినీ అనుమానంగా చూస్తాడు. మగ్గం మీది పడుగు అయిపోవస్తోంది. కొత్తది వస్తుందో రాదో తెలియదు. ఇవన్నీ తెలిసే వేశాను. అయినా ఇప్పుడు నన్ను కూర్చోబెట్టింది ఇవేవీ కాదు.

పాప నిద్రపోతోంది. జుట్టు ఇంకా సీకాయ వాసన వేస్తోంది. సాయంత్రం ఒకసారి తుమ్మింది. తలకు పోసినందుకే అయి ఉంటుంది. సిరా గుర్తు ఉన్న చేయి చాపి నుదుటి మీద పెట్టి చూశాను. చల్లగా ఉంది. చేయి తీసి ఈ నాలుగు మాటలూ రాశాను.

మళ్ళీ పెట్టి చూస్తున్నాను.